వెనక నుంచి ఎవరూ పిలవని ఇల్లు

ముందు మంచి కబురు చెప్పేస్తాను, లేకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. నా మాస్టర్స్ అయిపోయింది. మా వంశంలో అటు ఏడు తరాలు ఇటు ఏడు తరాలు వెతికినా కాలేజీ పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని నేనే. కోరుట్లలో మా అమ్మ బీడీలు చుట్టేది. నాన్న ఇప్పటికీ మస్కట్‌లో పని చేస్తున్నాడు. వాళ్ళ కూతురు నల్ల గౌను వేసుకుని, నెత్తిన పలక లాంటి టోపీ పెట్టుకుని అమెరికాలో స్టేజీ ఎక్కింది. ఆ వెంటనే టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉద్యోగం కూడా వచ్చింది. అమ్మ వాడకట్టు మొత్తానికి లడ్డూలు పంచింది. నాకింకా ఆ సంబరం దిగలేదు.

కానీ స్టేజీ ఎక్కిన ఆ రోజు గురించి ఎవరికి చెప్పబోయినా సగంలో ఆగిపోతున్నాను. పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు జరిగింది చెప్పకుండా మిగతాది చెప్పడం కుదరడం లేదు.

హాస్టల్లో అమ్మాయిలు దయ్యాల కథలు చెప్పుకుంటూ ఒకరినొకరు పట్టుకుని కూర్చుంటే, మధ్యలో దుప్పటి ముసుగేసి గురక పెట్టిన దాన్ని నేను. పట్టిందని, సోకిందని ఎవరైనా అంటే ముందు బీపీ చూపించమనేదాన్ని. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని నేను అనను. నా చెవులతో విన్నది, నా కళ్ళతో చూసింది చెప్తాను.

నార్త్ కరొలైనాలోని క్యారీలో నేను అద్దెకున్నది ఒక బెంగాలీ కుటుంబం ఇంట్లో. దేబాశిష్ అంకుల్ ఫార్మా కంపెనీలో సైంటిస్ట్. శర్మిష్ఠ ఆంటీది ఒక స్కూల్ ఆఫీసులో ఉద్యోగం. వాళ్ళమ్మాయి వేరే స్టేట్‌లో చదువుకోవడానికి వెళ్ళాక మేడ మీద ఆమె గది నాకిచ్చారు. కింద గదిలో అంకుల్ వాళ్ళ అమ్మ ఉండేది. వాళ్ళమ్మాయి ఠాకుమా అంటుందని నేనూ అలాగే పిలిచేదాన్ని. ఠాకుమా అంటే నాయనమ్మ.

ఆ ఇంట్లో పొద్దున్నే ఆవనూనె వాసన. మా అమ్మ పప్పులో వెల్లుల్లి ఎంత వేస్తుందో ఆంటీ చేపల కూరలో ఆవాలు అంత నూరి పోసేది. మొదట్లో ముక్కు మూసుకున్నా, తర్వాత గిన్నె నాకేదాన్ని. ఠాకుమాకి ఇంగ్లీష్ రాదు, నాకు బెంగాలీ రాదు. అయినా ఇద్దరం కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటి వాళ్ళ కుక్కని ఆడిపోసుకునేవాళ్ళం.

ఆ ఇంట్లో ఒక పట్టింపు ఉంది. బయటికి వెళ్ళే మనిషిని వెనక నుంచి పిలవకూడదు. ఇది మన దగ్గరా ఉన్నదే. మా అమ్మ కూడా ఊరుకోదు. కానీ ఠాకుమా పట్టింపు ముందు మా అమ్మ దిగదుడుపే. అంకుల్ లంచ్ డబ్బా మర్చిపోయి కారెక్కితే ఎవరూ కేక వేయకూడదు. ఆంటీ నైటీ మీద స్వెటర్ వేసుకుని పక్క తలుపులోంచి పరుగెత్తి, గడ్డి మీదుగా చుట్టూ తిరిగి, కారుకి ఎదురెళ్ళి నిలబడేది. ట్రాఫిక్ పోలీసులా చేయి చాపి డబ్బా ఇచ్చేది. పొరపాటున ఎవరైనా వెనక్కి పిలిస్తే, ఆ మనిషి లోపలికొచ్చి కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళాలి. అలా కూర్చోకుండా వెళ్తే మంచిది కాదు. ఈ చివరి ముక్క కూడా మా అమ్మ చెప్పేదే. కోరుట్లకీ కలకత్తాకీ ఇంత చుట్టరికం ఉందా అని నవ్వుకున్నాను.

వెళ్ళేవాళ్ళకి ఠాకుమా కిటికీలోంచి చేయి ఎత్తి "దుగ్గా దుగ్గా" అనేది. దుర్గమ్మ చల్లగా చూడాలని. నా పరీక్షలన్నింటికీ ఆ దీవెనతోనే వెళ్ళాను.

నా రెండో సంవత్సరం మొదట్లో ఠాకుమా పోయింది.

ఆ పొద్దున నేను క్లాసుకి వెళ్ళిపోయాను, అంకుల్ ముందే బయల్దేరాడు. చివరగా వెళ్ళింది ఆంటీ. ఆఫీసుకి ఆలస్యమైందని గబగబా కారు వెనక్కి తీసి రోడ్డు మీద తిప్పుతుంటే అద్దంలో కిటికీ కనపడింది. ఠాకుమా నిలబడి ఉంది. చేయి ఎత్తింది. నోరు తెరిచింది, మూసింది. రోజూలాగే దుగ్గా దుగ్గా అంటోందనుకుని ఆంటీ వెళ్ళిపోయింది. సాయంత్రం వచ్చేసరికి ఠాకుమా కిటికీ పక్కన కింద పడి ఉంది. బ్రెయిన్ స్ట్రోక్, పొద్దునే వచ్చి ఉంటుందని డాక్టర్లన్నారు.

ఆంటీకి అక్కడే ముల్లు దిగింది. అత్తగారు దీవించలేదు, పిలవబోయింది, వెళ్ళే మనిషిని వెనక్కి పిలవకూడదని నోరు మూసుకుంది, అని ఆంటీ నమ్మకం. "నేను కారు ఆపి ఉంటే" అని రోజూ అనేది. వంట చేస్తూ అనేది, బట్టలు మడతపెడుతూ అనేది. అంకుల్ లేచి వేరే గదిలోకి వెళ్ళిపోయేవాడు.

చలి తగ్గుతున్న రోజుల్లో నేను మొదటిసారి విన్నాను. ఆంటీ ఆఫీసుకి వెళ్తూ నన్ను బస్‌స్టాప్‌లో దింపేది. ఇద్దరం ముందు తలుపు దాటాం. ఎండ బాగా కాస్తోంది. నా వెనక, ఇంట్లోంచి, "బౌమా" అని వినపడింది.

బౌమా అంటే బెంగాలీలో కోడలమ్మా అని. ఆ ఇంట్లో ఆ పిలుపు పిలిచే మనిషి ఒక్కతే. గొంతు గట్టిగా లేదు. అవసరం ఉండి కూడా అడగడానికి మొహమాటపడే మనిషి గొంతులా ఉంది. ఆంటీ తిరిగి చూడలేదు, ఆమెకి వినపడలేదు. టీవీ కాబోలనుకున్నాను. సాయంత్రం చూస్తే టీవీ ప్లగ్ తీసే ఉంది.

కొన్నాళ్ళకి మళ్ళీ వినపడింది. మళ్ళీ అదే చోట, ఆంటీ గడప దాటి, నేను ఇంకా దాటుతుండగా. నేను స్టూడెంట్ క్లినిక్‌కి వెళ్ళి చెవులు చూపించుకున్నాను. శుభ్రంగా ఉన్నాయన్నారు. మాట్లాడే స్పీకరొకటి హాల్లో ఉండేది, దాని వైరు నేనే పీకేశాను. అయినా వినపడింది.

అప్పుడు ఆంటీకి చెప్పాను. భయపెట్టాలని కాదు. ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషికి, అత్తగారు ఇంకా తలుచుకుంటోందంటే ఊరటగా ఉంటుందనుకున్నాను. తేలికగా నవ్వుతూనే చెప్పాను. ఆంటీ నవ్వలేదు. కారు తాళాలు చేతిలో పట్టుకుని లోపలికి వెళ్ళి, కిటికీ దగ్గర ఠాకుమా కుర్చీలో కూర్చుంది. గ్లాసు నీళ్ళు మొత్తం తాగింది. అప్పుడు ఆఫీసుకి బయల్దేరింది.

ఆ తర్వాత రోజూ గడప దగ్గర ఆగి నా మొహం చూసేది. పిలిచిందా అని అడిగేది. నేను అవునంటే కూర్చునేది. ఇంకోసారి పిలిస్తే ఇంకోసారి. ఆఫీసులో మాటలు పడటం మొదలైంది. ఒకరోజు అంకుల్ నన్ను గరాజ్‌లోకి పిలిచి, గొంతు పెంచకుండానే, ఇక ఆమెకి చెప్పొద్దన్నాడు. వినపడినా వినపడలేదని చెప్పు అన్నాడు. సరేనన్నాను. ఆయన వెళ్ళబోతూ ఆగి, షెల్ఫ్ మీది పెయింట్ డబ్బాలు సర్దుతూ అన్నాడు:

"మా అమ్మ కదా రజితా. ఒక్కసారి నన్ను పిలవొచ్చు కదా."

ఆయన అన్నది నమ్మకంతోనో, వెటకారంతోనో నాకిప్పటికీ తెలీదు.

నేను అబద్ధం చెప్పడం మొదలుపెట్టాను. లేదు ఆంటీ, ఏమీ వినపడలేదు ఆంటీ. నిజానికి వినపడుతూనే ఉంది. రోజూ కాదు, కానీ వినపడేది. ఆంటీ మెల్లగా తేరుకుంది. నా కాన్వొకేషన్‌కి ఏ చీర కట్టుకోవాలా అని పెట్టెలు తెరిచింది. మా అమ్మకి వీసా రాలేదు కాబట్టి ఆ రోజు తనే నాకు అమ్మ అని, ముందు వరుసలో కూర్చుంటానని, నన్ను ఏడిపిస్తానని పందెం కాసింది.

ఆ పొద్దున సందడి ఇంతా అంతా కాదు. ఆంటీ ఎర్ర అంచు తెల్ల చీర కట్టుకుంది. నా టోపీ నిలబడడం లేదని హెయిర్‌పిన్నులన్నీ నా నెత్తిన గుచ్చింది. నేను అమ్మకి వీడియో కాల్ చేసి స్పీకర్‌లో పెట్టాను. అక్కడ సాయంత్రం. వాడకట్టు ఆడవాళ్ళంతా మా ఇంట్లోనే ఉన్నారు. గౌను చూసి, వకీలువైనవా డాక్టరువైనవా అని ఒకావిడ, నెత్తిమీద పీట ఎందుకే అని ఇంకో ఆవిడ. నేను నవ్వుతూనే తలుపు దగ్గరికి నడిచాను.

అంకుల్ ముందెళ్ళి కారు స్టార్ట్ చేశాడు. ఆంటీ గడప దాటింది. నేను ఫోన్ ఎత్తి పట్టుకుని వెనకే దాటుతున్నాను.

"బౌమా."

నేను ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. అలవాటైపోయింది కదా. కానీ ఫోన్‌లో ఆడవాళ్ళ నవ్వుల మధ్య మా అమ్మ నవ్వు ఆగిపోయింది. అమ్మ తెరకి దగ్గరగా జరిగి, నా భుజం వెనక చూస్తున్నట్టు చూసింది.

"బిడ్డా, ఎవరో పెద్దామె ఎనుక నుంచి పిలుస్తున్నది. బౌమా బౌమా అంటున్నది. బౌమా ఎవరే? మంచి పనికి పోతున్నవ్, జెర కూసొని నీళ్ళు తాగి పో."

ఈ పిలుపు సంగతి అమ్మకి నేనెప్పుడూ చెప్పలేదు. పరాయి దేశంలో ఒంటరిగా ఉన్న పిల్ల ఇలాంటివి అమ్మకి చెప్తుందా? ఆ ఇంట్లో ముసలావిడ పోయిందన్న సంగతి తప్ప అమ్మకి ఇంకేమీ తెలీదు. బౌమా అన్న మాట అమ్మ జన్మలో విని ఉండదు.

ఆంటీకి తెలుగు రాదు. కానీ ఆ ఒక్క మాట అర్థం కావడానికి తెలుగు అక్కర్లేదు. ఆమె మెట్టు మీద ఆగిపోయింది. వెనక్కి తిరిగి ముందు ఫోన్‌ని చూసింది, తర్వాత నన్ను చూసింది. ఇన్నాళ్ళూ నేను చెప్పింది అబద్ధమని ఆమెకి తెలిసిపోయింది. చీర కుచ్చిళ్ళు పట్టుకుని నన్ను దాటుకుని లోపలికి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది.

అంకుల్ వచ్చి బతిమాలాడు. మీరు వెళ్ళండి, నేను నీళ్ళు తాగి రెండో కారులో వస్తానంది. రాలేదు.

స్టేజీ మీద నా పేరు పిలిచినప్పుడు, ఎప్పుడూ గట్టిగా మాట్లాడని అంకుల్ లేచి నిలబడి నా పేరు పెట్టి అరిచాడు. పక్కన ఆంటీ కుర్చీ ఖాళీ. దాని మీద ఎవరూ కూర్చోకుండా ఆయన ఒక చేయి ఆనించే ఉంచాడు. నేను ఏడ్చాను. ఆంటీ పందెం గెలిచింది.

తిరిగొచ్చేసరికి ఆమె అదే చీరలో, అదే కుర్చీలో ఉంది. ముందు ఖాళీ గ్లాసు. మళ్ళీ పిలిచిందా ఆంటీ అని అడిగాను.

"నాకు వినపడదు కదా రజితా. పిలిచిందో లేదో నాకెలా తెలుస్తుంది? అందుకే లేవడం లేదు."

ఆ రోజు నుంచి ఆంటీ గడప దాటలేదు. ఆఫీసుకి సెలవు పెట్టింది, తర్వాత ఇంకా పెట్టింది. ఉద్యోగం పోతుందని అంకుల్ చెప్పి చూశాడు. డాక్టర్‌తో వీడియోలో మాట్లాడించాడు. ఆంటీ అందరికీ తల ఊపేది. తయారై, బ్యాగ్ తగిలించుకుని, తలుపు దాకా వచ్చేది. గడప మీద నన్ను చూసేది. పిలవలేదు ఆంటీ, ఒట్టు, అనేదాన్ని. కొన్నిసార్లు అది నిజం కూడా. కానీ ఆమె ఇక నమ్మదు. వెనక్కెళ్ళి కూర్చునేది. మనిషి సగమైపోయింది. ఉంగరం జారిపోతుంటే దారం చుట్టుకుంది.

ఇంతలో ఉద్యోగం చేసుకోవడానికిచ్చే ఓపీటీ కార్డు నాకు వచ్చింది, ఫ్రిస్కోలో జాయిన్ అవ్వాల్సిన రోజు దగ్గరపడింది. వదిలి వెళ్ళడానికి మనసొప్పలేదు. కానీ నేను వెళ్ళిపోతేనే నయమేమో అని కూడా అనిపించింది. వినేది నేనే కదా.

వెళ్ళే రోజు మధ్యాహ్నం ఆంటీ నాకోసం పూరీల్లాంటి లూచీలు వత్తి డబ్బాలో పెట్టింది. తలుపు లోపలే నన్ను కౌగిలించుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అంకుల్ నా సూట్‌కేసులు ఎత్తి కారులో పెట్టాడు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. కారు డ్రైవ్‌వే మీద నుంచి వెనక్కి దిగి, రోడ్డు మీద తిరిగింది. నా పక్క అద్దంలో ఇల్లు కనపడింది.

కిటికీలో మనిషి నిలబడి ఉంది. అద్దం మీద ఎండ పడి మొహం సరిగా కనపడలేదు. చేయి ఎత్తింది. నోరు తెరిచింది. మూసింది.

ఆపండి అంకుల్ అని నేను ఎంత గట్టిగా అరిచానో నాకు తెలీదు. ఆయన ఎందుకని అడగలేదు. కారు రోడ్డు మధ్యలో అడ్డంగా ఆగిపోయింది. నేను దిగి పరుగెత్తాను.

కిటికీ దగ్గర ఎవరూ లేరు. ఆంటీ ఇంటి వెనక వైపు వంటింట్లో, సింక్ దగ్గర ఉంది. చేతులకి మోచేతుల దాకా సబ్బు నురగ. నీళ్ళ చప్పుడులో నేను వచ్చింది కూడా వినలేదు. కిటికీ దగ్గరికి వచ్చారా అని అడిగితే, లేదే, గిన్నెలు తోముతున్నా కదా అంది. హాల్లో నేల మీద ఒక్క తడి చుక్క లేదు, నేను చూశాను. అద్దంలో కనపడింది చెప్పేశాను. దాచడానికి ఇక నా దగ్గర ఓపిక లేదు.

ఆంటీ కుళాయి కట్టేసింది. తర్వాత ఒకే ఒక్క మాట అడిగింది.

"కారు ఆగిందా?"

"ఆగింది ఆంటీ."

ఆమె చేతులు కూడా తుడుచుకోకుండా హాల్లోకి వచ్చి కిటికీలోంచి చూసింది. రోడ్డు మధ్యలో కారు, వెలుగుతున్న ఎర్ర లైట్లు, తలుపు తెరిచి పక్కన నిలబడిన అంకుల్. ఆంటీ అక్కడే నిలబడి ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఏడ్చిన ఏడుపులా లేదు. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, చెప్పులేసుకుని, నేనూ ఎయిర్‌పోర్ట్‌కి వస్తున్నా పద అంది.

గడప దాటింది. మెట్లు దిగింది. నేను వెనకే ఉన్నాను.

"బౌమా."

ఎప్పటిలా మొహమాటంగా లేదు. హాల్లోంచి కాదు, నా భుజం పక్క నుంచి వచ్చింది. అంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. ఆవనూనె వాసన కూడా వచ్చిందనుకుంటాను, అయితే ఆ ఇంట్లో అది ఎప్పుడూ ఉండేదే కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోను.

సరిగ్గా అప్పుడే ఆంటీ వెనక్కి తిరిగింది. పిలిచిందా అని కళ్ళతోనే అడిగింది. దారం చుట్టిన ఆ ఉంగరం చూశాను. రోడ్డు మీద ఎదురుచూస్తున్న అంకుల్‌ని చూశాను. నోరు తెరిచాను.

"లేదు ఆంటీ. ఎవరూ పిలవలేదు."

నా మొహంలో ఏం వెతికిందో, ఏం దొరికిందో తెలీదు. ఆంటీ వెళ్ళి కారెక్కింది. కారు కదిలాక దుగ్గా దుగ్గా అని తనే అనుకుంది.

ఇప్పుడు ఆంటీ రోజూ ఆఫీసుకి వెళ్తోంది. తిండి తింటోంది. ఉంగరానికి దారం తీసేసింది. అందరూ సంతోషంగా ఉన్నారు, నేనూ సంతోషంగానే ఉన్నాను. నాకు మొదటి జీతం కూడా వచ్చింది. కానీ పిలిస్తే కూర్చుని వెళ్ళాలన్న మాట మా అమ్మదీ, ఠాకుమాదీ కూడా. పిలుపు విన్నది నేను. కూర్చోకుండా పంపింది నేను. ఫోన్‌లో క్యారీ నంబర్ కనపడిన ప్రతిసారీ, ఆంటీ గొంతు వినపడేదాకా నాకు ఊపిరి ఆడదు.

ఠాకుమా ఎందుకు పిలిచేదో నాకు తెలీదు. మా అమ్మకి ఎలా వినపడిందో తెలీదు. కారు ఆగాక కూడా ఇంకా ఎందుకు పిలిచిందో అసలే తెలీదు. ఎన్నిసార్లు ఆలోచించినా అక్కడికొచ్చి ఆగిపోతాను. ఆంటీకి తెలుగు చదవడం రాదు, అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను.

నిన్న ఆంటీ వీడియో కాల్ చేసింది. అంకుల్ ఊళ్ళో లేడట, తనొక్కతే ఉందట, ఆఫీసుకి బయల్దేరుతోందట. నవ్వుతూ కొత్త చీర చూపించింది. ఆమె వెనక కిటికీ, కిటికీ దగ్గర ఠాకుమా కుర్చీ, దాని ముందు నిండా నీళ్ళున్న గ్లాసు.

ఆ నీళ్ళు ఎవరు పోశారని నేను అడగలేదు.